అడవి ఉంటేనే ఔషధం

కార్తీకమాసం వచ్చినదంటే మన ఇండ్లలో ఉసిరికి జరిగే మర్యాద ఇంతా అంతా కాదు. వనభోజనాలకు ఉసిరిచెట్టు నీడ కావాలి. క్షీరాబ్ది ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మ నాటి పూజ చేయాలి. పూజ ముగియగానే వంటింటిలో ఊరగాయ, తొక్కు, పులిహోర వరుసగా తయారవుతాయి. నేను వైద్యవృత్తిలో ఉన్నవాడిని కనుక మా ఇంట ఈ సందడి మరికొంత ఎక్కువ. త్రిఫల చూర్ణానికి ఏడాదికి సరిపడ ఉసిరి వరుగు ఎండబెట్టే పని ఆ రోజుల్లోనే మొదలవుతుంది.

కొన్నేండ్ల క్రిందట ద్వాదశికి ముందునాటి సాయంత్రం బజారులో కాయలతో నిండుగా ఉన్న ఒక కొమ్మను బేరమాడి కొన్నాను. ఇంటికి తెచ్చి చూస్తే కాయలు ఇంకా లేతవి. కొమ్మ మొదలు నా మణికట్టు అంత లావున్నది. గొడ్డలితో నరికిన గుర్తు స్పష్టంగా కనబడుతున్నది. మరునాడు అటు వెళ్లినప్పుడు ఆ కొమ్మలమ్మే వృద్ధురాలిని అడిగాను: “ఏమమ్మా, కొమ్మ నరకకుండ కాయలు కోసుకొని రాకూడదా?”

ఆమె నవ్వి, “చెట్టెక్కి ఒక్కొక్క కాయ కోసేలోపల ఇంకొకరు కొమ్మ కొట్టుకుపోతారయ్యా. అయినా అడవి ఎవరిదని?” అన్నది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఇన్నేండ్లుగా ఎందరికో త్రిఫల తినుమని చెప్పాను, తేనెతో మందులు ఇచ్చాను. ఆ కాయ ఏ చెట్టు నుండి వచ్చినది, ఆ చెట్టు మరుసటి ఏడు ఉంటుందా అని ఒక్కనాడైనా ఆలోచించలేదు. ఆమె ప్రశ్నకు సమాధానం వెదుకుతూ ఉండగా మహారాష్ట్రలోని ఒక చిన్న గోండు గ్రామం సంగతి తెలిసినది. ఆ గ్రామాన్ని గురించి, దాని నుండి మన ఇల్లాండ్రు గ్రహించదగిన విషయాలను గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను.

శాస్త్రం చెప్పిన మొదటి గుణం

చికిత్సకు నాలుగు పాదాలు ఉన్నవని చరక సంహిత సూత్రస్థానంలో చెప్పబడినది. వైద్యుడు, ద్రవ్యం అనగా ఔషధం, పరిచారకుడు, రోగి అనేవి ఆ నాలుగు పాదాలు. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు చెప్పారు. ద్రవ్యానికి చెప్పిన గుణాలలో మొట్టమొదటిది “బహుత”, అంటే సమృద్ధిగా లభించడం. ఆ తరువాతనే యోగ్యత, అనేక విధాలుగా తయారుచేయడానికి వీలుకావడం, సంపత్తు అనేవి వస్తాయి. ఎంత గొప్ప మూలిక అయినా దొరకకపోతే రోగికి పనికిరాదు కదా! అడవిని కాపాడటం అనేది వైద్యానికి బయటి విషయం కాదని, వైద్యంలోనే మొదటి మెట్టు అని నాకు ఈ మాట చదివినప్పుడు బోధపడినది.

అదే సంహిత కల్పస్థానంలో ఏ భాగాన్ని ఏ ఋతువులో సేకరించాలో కూడ చెప్పబడినది. లేత కొమ్మలు, ఆకులు వర్షాకాలంలోను వసంతంలోను, వేళ్లు గ్రీష్మంలో గాని శిశిరంలో గాని, బెరడు, దుంప, పాలు శరదృతువులో, చేవ హేమంతంలో, పూలు, పండ్లు వాటివాటి కాలంలో తీసుకోవాలి. కాలం కాని కాలంలో కోసిన కాయలో రసం, వీర్యం పూర్తిగా ఏర్పడవు. కనుక లేత ఉసిరికాయను కొమ్మతో నరికినప్పుడు రెండు విధాల నష్టం జరుగుతున్నది. ఈ ఏటి మందు బలహీనపడుతున్నది, రాబోయే ఏండ్ల మందు లేకుండ పోతున్నది.

ఊరు తన అడవిని తానే కాపాడుకొన్న కథ

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మన తెలంగాణకు సరిహద్దు. ఆ జిల్లాలో ధానోరా తాలూకాలో మేంఢా అనే గ్రామం ఉన్నది. ప్రక్కనే లేఖా అనే ఊరు ఉన్నందువల్ల దీనిని మేంఢా-లేఖా అని పిలుస్తారు. సుమారు నూరు గడపల ఊరు. అందరూ గోండులే, మన ఆదిలాబాద్ ప్రాంతపు గోండుల జాతివారే. చుట్టూ వెదురు, టేకు, ఇప్ప, తునికి, ఉసిరి, సార చెట్లతో నిండిన అడవి.

1980 ప్రాంతంలో గోదావరిపై ఇచ్చంపల్లి వద్ద, ఇంద్రావతిపై భోపాలపట్నం వద్ద పెద్ద ఆనకట్టలు కట్టాలని తలపెట్టారు. వాటి వల్ల ఎన్నో గిరిజన గ్రామాలు, విస్తారమైన అడవి మునిగిపోయే ప్రమాదం ఏర్పడినది. అడవిని కాపాడండి, మనిషిని కాపాడండి అనే నినాదంతో అప్పుడు ఆ ప్రాంతమంతా ఉద్యమం సాగినది. కుష్ఠరోగుల సేవకు పేరుపొందిన బాబా ఆమ్టే కూడ అందులో పాలుపంచుకొన్నారు. ఆనాడు ఆ ఆలోచన ఆగిపోయినది. అయితే మేంఢా ప్రజలకు ఆ ఉద్యమం నుండి మరొక ఆలోచన కలిగినది. బయటివారి నుండి అడవిని కాపాడుకొంటే చాలదు, తమ చేతులనుండి కూడ కాపాడుకోవాలి అన్నదే ఆ ఆలోచన. దేవాజీ తోఫా అనే గ్రామ నాయకుడు, మోహన్ హీరాబాయి హీరాలాల్ అనే కార్యకర్త వారికి తోడుగా నిలిచారు.

“ఢిల్లీలో, ముంబయిలో మా ప్రభుత్వం, మా ఊరిలో మేమే ప్రభుత్వం” అన్నది ఆ గ్రామపు నినాదం. దీనిని వారు ఆచరణలో ఎట్లా పెట్టారో గమనించండి. గ్రామసభలో స్త్రీలు, పురుషులు అందరూ కూర్చుంటారు. చేతులెత్తి లెక్కించి, ఎక్కువమంది ఎటు ఉంటే అటు నిర్ణయించే పద్ధతి అక్కడ లేదు. అందరూ ఒప్పుకొనేదాకా చర్చ సాగుతుంది. ఒక్కరు కాదన్నా విషయం మరొక సభకు వాయిదా పడుతుంది. దీనివల్ల ఆలస్యం జరిగే మాట నిజమే. కాని అందరూ ఒప్పుకొని చేసిన కట్టుబాటును చాటుగా మీరవలసిన అవసరం ఎవరికీ ఉండదు. నిర్ణయం చేయబోయే ముందు ఆ విషయాన్ని తెలుసుకోవడానికి ప్రత్యేకంగా అధ్యయన బృందాలు కూడ ఏర్పరచుకొన్నారు. తెలిసినవారిని బయటినుండి పిలిపించి అడిగి తెలుసుకొంటారు. నిర్ణయం మాత్రం తమదే.

మద్యం విషయంలో స్త్రీలు పట్టుబట్టగా గ్రామసభ దానిని కట్టడి చేసినది. అడవికి నిప్పు పెట్టకూడదు, పండ్లనిచ్చే చెట్టును నరకకూడదు, అడవిని ఆక్రమించి పొలం చేయకూడదు, బయటివారు గ్రామసభ అనుమతి లేకుండ అడవి వస్తువులు తీసుకుపోకూడదు అన్నవి వారి కట్టుబాట్లు. వాన నీరు మన్నును కోసుకుపోకుండ వాగులకు రాళ్లకట్టలు వేశారు. కట్టెపుల్లల ఖర్చు తగ్గడానికి గోబర్ గ్యాస్ పొయ్యిలు పెట్టుకొన్నారు. పొగలేని పొయ్యి వల్ల చెట్టుకే కాక వంట చేసే స్త్రీల కండ్లకు, ఊపిరితిత్తులకు కూడ మేలు కలుగుతుందని వేరే చెప్పనక్కరలేదు.

నిప్పు గురించి ఒక మాట చెప్పాలి. వేసవిలో ఇప్పపూలు నేల రాలుతాయి. ఎండుటాకుల మధ్య వాటిని ఏరడం కష్టం కనుక చాలా ప్రాంతాలలో చెట్టు క్రింద ఆకులకు నిప్పంటిస్తారు. ఆ నిప్పు ప్రాకి అడవిలో మొలకెత్తిన చిన్న మొక్కలన్నింటిని కాల్చివేస్తుంది. పెద్ద చెట్లు నిలబడి ఉన్నట్లే కనబడతాయి, వాటి తరువాతి తరం మాత్రం ఉండదు. ఆకులు ఊడ్చి పూలు ఏరుకొంటే ఈ నష్టం తప్పుతుంది. చిన్న జాగ్రత్తే, కాని అందరూ కలిసి చేస్తేనే ఫలితం.

తేనెటీగను చంపని తేనె

మన పత్రిక పాఠకులకు ఈ గ్రామం నుండి ముఖ్యంగా తెలియవలసినది తేనె తీసే పద్ధతి. అడవిలో ఎత్తైన కొమ్మలకు పెద్ద పెద్ద పట్టులు పెట్టే కొండ తేనెటీగల తేనెను సామాన్యంగా పొగపెట్టి, మంటచూపి, ఈగలను కాల్చి తీస్తారు. తరువాత పట్టు మొత్తాన్ని కోసి చేతులతో పిండుతారు. ఆ పట్టులో తేనె ఒక్కటే ఉండదు. గ్రుడ్లు, పిల్లపురుగులు, పుప్పొడి కూడ ఉంటాయి. అన్నీ కలిసి పిండబడిన తేనె త్వరగా పులిసిపోతుంది, నురుగు కడుతుంది. అది ఔషధానికి యోగ్యం కాదు.

మేంఢావారు తేనెటీగలను గురించి ఒక అధ్యయన బృందంగా ఏర్పడి, వాటి నడవడిని పరిశీలించి, నేర్చినవారి సహాయంతో మరొక పద్ధతిని అలవరచుకొన్నారు. కొండ తేనెటీగ తన తేనెను పట్టు అంతటా నింపదు. కొమ్మను అంటిన పైభాగంలో ఒక కొసన లావుగా ఉన్నచోట తేనె నిలువ ఉంటుంది. పిల్లలు క్రిందిభాగంలో ఉంటాయి. రక్షణ దుస్తులు తొడుగుకొని రాత్రివేళ చెట్టెక్కి, తేనె ఉన్న ఆ భాగాన్ని మాత్రమే కోసి, పిల్లలున్న భాగాన్ని అట్లే వదలివేస్తారు. ఈగలు చావవు. పట్టును విడిచిపోకుండ కోసిన చోట మళ్లీ కట్టుకొంటాయి. అదే పట్టు నుండి మరొకసారి తేనె లభించే అవకాశం ఉంటుంది. ఆ తేనెను పిండకుండ వడగడతారు కనుక శుభ్రంగా, చాలా కాలం చెడకుండ ఉంటుంది.

ఇందులో ఇంకొక లాభం కూడ ఇమిడి ఉన్నది. ఉసిరి, సార, కరక, తాని మొదలైన చెట్ల పూలు కాయలు కావాలంటే తేనెటీగల వంటి కీటకాలు పుప్పొడిని ఒక పూవు నుండి మరొక పూవుకు చేర్చాలి. ఈగను కాల్చి తేనె తీసేవాడు వచ్చే ఏటి ఉసిరి కాపును కూడ కాల్చుకొంటున్నాడన్నమాట.

హక్కు వచ్చిన తరువాత

గ్రామం ఎంత కట్టుబాటుగా ఉన్నా, అడవి తమది అని చెప్పుకొనేందుకు చట్టపు అండ చాలాకాలం లేదు. 2006 లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్ని చేసినది. అడవిని వాడుకొనే హక్కుతోపాటు కాపాడే, పెంచే, నిర్వహించే హక్కును కూడ ఆ చట్టం గ్రామసభలకు గుర్తించినది. 2009 లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై మేంఢాకు సామూహిక హక్కు లభించినది. దేశంలో ఈ హక్కు పొందిన తొలి గ్రామాలలో అది ఒకటి. అయినా వెదురు నరికి అమ్ముకొనడానికి కావలసిన రవాణా అనుమతి విషయంలో తగవు సాగుతూనే వచ్చినది. చివరకు 2011 ఏప్రిల్ 27 న అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ స్వయంగా ఆ గ్రామానికి వచ్చి, రవాణా అనుమతి పుస్తకాన్ని గ్రామసభ చేతికి అందజేశారు.

హక్కు చేతికి రాగానే వారు అడవినంతా ఊడ్చి అమ్మివేస్తారేమోనని అనుమానించినవారు ఉండవచ్చు. వెదురు స్వభావం తెలిసినవారికి ఆ భయం ఉండదు. వెదురు ఒక్క వానకాలంలోనే తన పూర్తి ఎత్తు పెరుగుతుంది. కాని గట్టిపడటానికి దాదాపు మూడేండ్లు పడుతుంది. ముదిరిన గడలను మాత్రమే నరికి లేతవాటిని పొదలో వదలివేస్తే, ఆ పొద ఏటేటా కొత్త మొలకలు వేస్తూనే ఉంటుంది. లేతవాటిని కూడ నరికితే పొద నీరసించి చస్తుంది. సితోపలాది చూర్ణంలో వాడే వంశలోచనం, అనగా వెదురుప్పు, ముదిరిన వెదురు కణుపుల లోపల దొరికేదే. ఈ సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

2013 లో ఆ గ్రామంవారు మరొక అడుగు ముందుకు వేశారు. మహారాష్ట్ర గ్రామదాన చట్టం క్రింద తమ సొంత భూములను కూడ గ్రామసభ పేర ఉంచారు. అందువల్ల ఆ ఊరి నేల బయటివారికి అమ్ముడుపోయే భయం తప్పినది.

మన ప్రాంతంలోను ఈ జ్ఞానం ఉన్నది

ఇదంతా ఎక్కడో మహారాష్ట్రలో జరిగినదని అనుకోనక్కరలేదు. గోదావరి మన్యంలోని కొండరెడ్లు, కోయలు మామిడి పండుగ చేసుకొనేదాకా కొత్త మామిడికాయను నోట పెట్టరు. చిక్కుడుకు కూడ అటువంటి పండుగే ఉన్నది. చూడటానికి అది ఆచారం. ఆలోచిస్తే, కాయ ముదిరేదాకా చెట్టు జోలికి పోకుండ చేసిన కట్టుబాటు. చరకుడు చెప్పిన కాలనియమం వేరు, ఇది వేరు కాదు.

తపసి బంక సంగతి కూడ అటువంటిదే. మన ఏజెన్సీ ప్రాంతాలలో గిరిజనులు సేకరించే ఈ బంకను విరేచనం సాఫీగా కావడానికి ఇచ్చే మందులలోను, కట్టుడు పండ్లను నిలిపే పొడిలోను వాడతారు. ఒకప్పుడు ఎక్కువ బంక కొరకు గొడ్డలితో చెట్టు మానును లోతుగా గాయపరచేవారు. గాయం మానక చెట్లు ఎండిపోయేవి. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుండి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ వంటివాటి ద్వారా తరువాతి కాలంలో గిరిజనులకు శిక్షణ ఇచ్చారు. చిన్న పనిముట్టుతో పైపైన గాటు పెట్టి, బంకను నేల రాలకుండ శుభ్రంగా పట్టే పద్ధతి నేర్పారు. చెట్టు బ్రతికినది, బంక నాణ్యత పెరిగినది, ఏరినవారికి మంచి ధర వచ్చినది.

గృహస్థులు పాటించదగిన విషయాలు

మనం అడవికి దూరంగా ఉన్నా అడవి మన వంటింటికి దగ్గరగానే ఉన్నది. కొనేవాడు అడిగిన దానినే అమ్మేవాడు తెస్తాడు. కావున ఈ క్రింది విషయాలు గమనించవలెను.

ఉసిరి: మాగిన ఉసిరికాయ లేత పచ్చరంగు తగ్గి, కొద్దిగా పసుపు కలిసి, లోపలి గీతలు స్పష్టంగా కనబడుతుంది. ఔషధానికి ఇటువంటి కాయనే తీసుకొనవలెను. చలికాలంలో కాయ బాగా ముదిరిన తరువాత కొని, కడిగి తుడిచి, గింజ తీసి, నీడపట్టున గాలి తగిలే చోట ఎండబెట్టి, గాజుసీసాలో నిలువ చేయవలెను. పూజకు చిన్న రెమ్మ చాలును. కాయలున్న పెద్ద కొమ్మ అవసరం లేదు.

త్రిఫల: ఎండిన కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల బెరళ్లను గింజలు తీసివేసి సమానంగా తూచి దంచి, వస్త్రగాళితం చేయవలెను. మలబద్ధకం ఉన్నవారు అర చెంచా చూర్ణాన్ని రాత్రి పడుకొనేముందు గోరువెచ్చని నీటితో తీసుకొనవచ్చును. గర్భిణులు, విరేచనాలతో బాధపడేవారు వాడరాదు. మధుమేహానికి గాని, రక్తం పలుచబడడానికి గాని మందులు వాడేవారు వైద్యుని అడిగి వాడవలెను.

తేనె: పిండిన తేనెనా, పట్టు కోసి వడగట్టిన తేనెనా అని అమ్మేవారిని అడుగవలెను. పలువురు అడిగితే మంచి పద్ధతికి విలువ పెరుగుతుంది. నీటిలో చుక్క వేసి చూసే పరీక్షను నమ్మరాదు, కల్తీ తేనె కూడ ఆ పరీక్షలో నెగ్గగలదు. తేనెను పొయ్యిపై కాచరాదు, మరిగే పాలలో కలుపరాదు, నేతితో సమాన తూకంలో కలిపి తీసుకొనరాదని శాస్త్రవచనం. ఏడాది నిండని శిశువులకు తేనె నాకించడం ప్రమాదకరం, కొద్దిపాటి కూడ పెట్టరాదు. మధుమేహం ఉన్నవారు తేనెను కూడ చక్కెరగానే భావించవలెను.

సారపప్పు: పాయసాలలో వేసే ఈ పప్పు అడవి సారచెట్ల గింజ. పోటీపడి పచ్చికాయలు దులిపే చోట పప్పు చిన్నగా, ముడతపడి ఉంటుంది. నిండుగా ఉన్న పప్పును కొని, తక్కువ వాడుకొనడం మంచిది.

మొక్కలు: పెరడు ఉన్నవారు ఒక ఉసిరిమొక్క, ఒక మునగ, ఒక వేప నాటవచ్చును. కుండీలే దిక్కైనవారికి తులసి, వాము ఆకు, కలబంద చాలును. ఇంటి అవసరం ఇంటిలో తీరినంతమేర అడవిపై భారం తగ్గుతుంది.

చివరిగా ఒక మాట

మరుసటి కార్తీకంలో నేను కొమ్మ కొనలేదు. నర్సరీ నుండి ఒక ఉసిరిమొక్క తెచ్చి పెరటిలో, తులసికోటకు కొంచెం ఎడంగా నాటాను. మా ఇల్లాలు ఆ మొక్కకే పసుపు కుంకుమలు పెట్టి ద్వాదశి పూజ చేసినది. నాలుగైదు ఏండ్లకు దానికి మొదటి కాపు వచ్చినది. కాయలు చిన్నవే, కాని మాగేదాకా ఎవరమూ ముట్టుకోలేదు. కొన్ని కాయలు పిట్టలు తిన్నాయి. అడవిలో దుప్పులు, జింకలు రాలిన ఉసిరి తిని, గింజలను వేరొకచోట వదలి కొత్త మొక్కలకు కారణమవుతాయి కనుక, అన్ని కాయలూ మనిషివే కావన్న సంగతి మా పిల్లలకు చెప్పాను.

ఆ వృద్ధురాలు నన్ను అడిగిన ప్రశ్న, అడవి ఎవరిదని. ఆమె దురాశతో కొమ్మ నరకలేదు. ఎవరిదీ కాని అడవిలో మొదట చేరినవానిదే కాయ అన్న భయంతో నరికినది. ఇది మన ఊరిది, రేపు కూడ మనదే అని తెలిసిన చోట మనిషి కాయ ముదిరేదాకా ఆగగలడు. మేంఢావారు చేసినది అదే. ఆ నమ్మకాన్ని వారు గ్రామసభలో కూర్చుని, ఒక్కొక్కరిని ఒప్పించుకొంటూ, ఏండ్ల తరబడి కట్టుకొన్నారు. మన వంతుగా మనం చేయవలసినది, ముదిరిన కాయకు, చంపకుండ తీసిన తేనెకు నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇచ్చి, కొమ్మతో వచ్చిన లేతకాయను కాదనడం. మందు సీసా మూత తీసినప్పుడల్లా దాని వెనుక ఒక చెట్టు ఉన్నదని గుర్తుంచుకొంటే చాలు, మిగిలినది దానంతట అదే తోస్తుంది.